దస్తావేజులో మనం రాసే ధర

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో భూమి బేరం ఎక్కడ కుదిరినా, ధర తెగినాక ఇంకో మాట వచ్చి తీరుతుంది. "సరే, కాగితంలో ఎంత రాద్దాం?" అడిగేవాడికి జంకు ఉండదు, వినేవాడికి వింత ఉండదు. అమ్మేవాడు "మీరెట్లంటే అట్లే, నా దుడ్డు నాకొస్తే చాలు" అంటాడు. ఎకరా ముప్పై లక్షలకు తెగిన బేరం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయేసరికి గవర్నమెంటు వేల్యూ ప్రకారం ఆరు లక్షలవుతుంది. మిగతా ఇరవై నాలుగు లక్షలు సంచిలో చేతులు మారతాయి. పెద్దమనుషులిద్దరు సాక్షి సంతకాలు పెట్టి బస్సెక్కుతారు. గట్టు జానెడు జరిగితే సర్వేయరును పిలిపించి, తాసిల్దారు దాకా, కోర్టు దాకా పోయే మనం, ఎకరాకు ఇరవై నాలుగు లక్షల అబద్ధం కళ్లముందే కాగితానికెక్కుతుంటే ఒక్కరమూ నోరెత్తం.

ఇదేదో పొలం అమ్మినాయనకూ ఆదాయపు పన్ను వాళ్లకూ మధ్య గొడవలే అని సర్దుకుపోతున్నాం. ఆ కాగితం అక్కడితో ఆగదు. పక్క రైతు పరిహారం కోస్తుంది, ఊరి పంచాయతీకి రావలసిన రాబడి కాజేస్తుంది, ఆడబిడ్డ భాగాన్ని మాయం చేస్తుంది, చివరికి అమ్మినవాడి మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఇది ఊరంతా కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి అంటున్నాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. తెలియకపోవడం వల్లనే సగం అబద్ధాలు పుడుతున్నాయి.

ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను మన దేశంలోకి 1947 బడ్జెట్‌తో వచ్చింది. రెండేళ్లకే తీసేశారు. 1956లో మళ్లీ తెచ్చారు, అప్పటి నుంచి ఉంది. అమ్మిన ధరలోంచి కొన్న ధర, ఆస్తిని బాగుచేసుకున్న ఖర్చు, అమ్మకానికైన ఖర్చు తీసేస్తే మిగిలేది లాభం. దాన్నే ఆడిటర్లు క్యాపిటల్ గెయిన్స్ అంటారు. ఆస్తి చేతులు మారిన ఏడాదే ఆ లాభం లెక్కలోకి వస్తుంది. తండ్రి ఆస్తి వీలునామాతోనో, భాగపంపకంతోనో, గిఫ్టు డీడుతోనో బిడ్డలకు వస్తే ఆ రోజు ఈ పన్ను పడదు. తర్వాత బిడ్డలు అమ్ముకున్నప్పుడు తండ్రి కొన్న ధరనే వాళ్లు కొన్న ధరగా తీసుకుంటారు. 2001 ఏప్రిల్ 1కి ముందటి ఆస్తయితే ఆ తేదీనాటి విలువను పెట్టుకోవచ్చు. భూమి రెండేళ్లకు పైగా చేతిలో ఉంటే అది దీర్ఘకాలపు లాభం. 2024 జులై 23 నుంచి దాని మీద రేటు 12.5 శాతం. అంతకుముందే సంపాదించుకున్న భూమి, ఇల్లు అయితే, ఇక్కడ నివసించే వ్యక్తులకూ ఉమ్మడి కుటుంబాలకూ పాత పద్ధతిలో ధరల పెరుగుదలను కలుపుకుని 20 శాతం లెక్కన కట్టే వీలు కూడా ఉంచారు. రెంటిలో ఏది తక్కువైతే అదే కట్టాలి. 1961 నాటి చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. నంబర్లు ఆడిటరుకు వదిలేసి, సారం మనం పట్టుకుంటే చాలు.

ఇక పొలం సంగతి. 1970 దాకా వ్యవసాయ భూమికి ఈ పన్ను లేనేలేదు. ఆ ఏడాది నుంచి పట్టణాల్లోనూ వాటి పక్కనా ఉన్న పొలాలను మాత్రం లోపలికి తెచ్చారు. ఇప్పటి లెక్క ఇది: పదివేలు, ఆపైన జనం ఉన్న మునిసిపాలిటీ హద్దుల్లోని పొలానికి పన్ను ఉంది. హద్దు దాటాక, లక్ష దాకా జనాభా ఉన్న పట్టణం చుట్టూ 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల దాకా ఉంటే 6 కిలోమీటర్లు, పది లక్షలు దాటిన నగరమైతే 8 కిలోమీటర్ల వరకూ పన్ను ఉంది. రోడ్డు వంకరలు లెక్కలోకి రావు, పటం మీద గీత గీసినట్టు నేరుగా కొలుస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు, కడప, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు అన్నీ లక్ష దాటినవి, పది లక్షలకు చాలా దూరంలో ఉన్నవి. అంటే వీటి చుట్టూ 6 కిలోమీటర్లు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, డోన్ లాంటి చోట్ల 2 కిలోమీటర్లే. ఆ గీత దాటితే, అది నిజంగా సాగులో ఉన్న పొలమైతే, ఎకరా కోటి రూపాయలకు అమ్మినా ఒక్క రూపాయి క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు.

ఈ మాట మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? దేవనకొండలో చెనక్కాయ చేను అమ్మే రైతుకు, ఉయ్యాలవాడ వైపు నల్లరేగడిలో శనగ చేను అమ్మే రైతుకు, ధర ఉన్నదున్నట్టు రాసుకుంటే పోయేదేమీ లేదు. అయినా ఆయన తక్కువ ధరకు సంతకం పెడుతున్నాడు. ఎవరి కోసం? కొనేవాడి దగ్గర లెక్క చెప్పలేని డబ్బు ఉంది కాబట్టి, ఆ డబ్బును భూమిలో దాచుకోవాలి కాబట్టి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషను ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం దాకా అవుతుంది. అందులో కొంత మిగుల్చుకోవాలి కాబట్టి. కొనేవాడి మరకను అమ్మేవాడు తన చొక్కాకు పూసుకుంటున్నాడు. పైగా తనేదో మేలు పొందానని అనుకుంటున్నాడు.

పొందింది మేలు కాదు. ఐదెకరాలు ఎకరా ముప్పై లక్షల లెక్కన అమ్మిన రైతును చూడండి. వచ్చింది కోటీ యాభై లక్షలు. కాగితంలో ఉన్నది ముప్పై లక్షలు. కోటీ ఇరవై లక్షలు నోట్ల కట్టలు. వాటిని బ్యాంకులో వేస్తే ఎక్కడివని అడుగుతారు. "పొలం అమ్మినాను సార్" అంటే "నీ దస్తావేజు చూపించు" అంటారు. ఆ దస్తావేజులో ఆయన తన వేలిముద్రతోనే తన మాటను అబద్ధం చేసుకుని ఉన్నాడు. ఆధారం చూపలేని సొమ్ము మీద పన్నును 2016 డిసెంబరులో 60 శాతానికి పెంచారు. సర్‌ఛార్జీ, సెస్సు కలిస్తే నూటికి డెబ్బై ఐదు దాటింది. నిజం రాసి ఉంటే సున్నా. పైగా స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని 2015 జూన్ 1 నుంచి చట్టం నిషేధించింది. తీసుకుంటే ఎంత తీసుకున్నాడో అంత జరిమానా వేయవచ్చు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ వ్యవసాయం తప్ప పన్ను కట్టవలసిన ఆదాయం లేనప్పుడు మాత్రమే దానికి మినహాయింపు. కొనేది కాంట్రాక్టరో వెంచరు వేసేవాడో అయితే ఆ మినహాయింపు ఎక్కడిది?

బ్యాంకులో వేయలేని డబ్బు ఏమవుతుంది? కొంత బంగారమవుతుంది. కొంత ఎన్నికల్లో కరుగుతుంది. ఎక్కువ భాగం నూటికి రెండు రూపాయల వడ్డీకి, మూడు రూపాయల వడ్డీకి మళ్లీ ఊళ్లోకే వస్తుంది. వానలు తప్పిన ఏడాది విత్తనానికీ ఎరువుకూ చేయి చాచే కౌలు రైతు ఆ వడ్డీ కడతాడు. ఒక పొలం అమ్మకంలో దాగిన సొమ్ము ఇంకో పొలాన్ని అమ్మకానికి పెట్టిస్తుంది.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా బరువైన మాట చెబుతాను.

ఈ సీమలో ప్రాజెక్టుల కోసం భూములు పోగొట్టుకున్నవాళ్లు లేని మండలాలు తక్కువ. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు నూరు ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని తరలించారు. వాళ్లు పరిహారం పెంచమని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. కడప జిల్లాలో 26.85 టీఎంసీల నిండు సామర్థ్యం ఉన్న గండికోట జలాశయంలో 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు జనం పరిహారం పూర్తిగా అందకుండానే ఊళ్లోకి నీళ్లు వదులుతారా అని రోడ్డెక్కారు. హైవేలకు, కాలువలకు, పరిశ్రమలకు భూములు పోతూనే ఉన్నాయి, ఇకమీదా పోతాయి.

ఆ పోయిన ఎకరాకు ప్రభుత్వం ధర ఎట్లా కడుతుంది? 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ చదవండి. రిజిస్ట్రేషనుకు నిర్ణయించిన గవర్నమెంటు వేల్యూ ఒకటి. చుట్టుపక్కల అదే రకం భూములకు గత మూడేళ్లలో రిజిస్టరైన దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని తీసుకుని కట్టిన సగటు ఇంకొకటి. ఒప్పందంతో తీసుకునే చోట ఒప్పుకున్న ధర మరొకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది. దానికి పల్లె ప్రాంతమైతే కొంత గుణకం. ఆ వచ్చిన దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే ఓదార్పుగా ఇచ్చే అదనపు సొమ్ము. అంతకుముందున్న 1894 చట్టం కింద కూడా కోర్టులు ఆధారంగా చూసింది ఇరుగుపొరుగు దస్తావేజులనే.

కేసు విచారణ ఎట్లా నడుస్తుందో చెబుతాను. భూమి పోయిన రైతు బోనులో నిలబడతాడు. "ఎకరా పాతిక లక్షలు పలుకుతుంది సార్, ఊళ్లో ఎవరినైనా అడగండి" అంటాడు. ప్రభుత్వం తరఫు వకీలు ఫైల్లోంచి ఒక సర్టిఫైడ్ కాపీ తీస్తాడు. "ఇదిగో, నీ పొలానికి ఆనుకునే ఉన్న సర్వే నంబరు. నిరుటేడాది ఎకరా నాలుగు లక్షలకు అమ్మారు. ఇందులో సాక్షి సంతకం ఎవరిది?" రైతు కాగితం దగ్గరికి తెచ్చుకుని చూస్తాడు. సంతకం ఆయనదే. పక్కవాడు అడిగితే కాదనలేక పెట్టిన సంతకం. పాతిక లక్షల మాట ఆయన గొంతులోనే ఆగిపోతుంది.

ఎవరు మోసం చేశారు ఆ రైతును? కలెక్టరాఫీసా? ప్రాజెక్టా? వాళ్ల తప్పులు వాళ్లకున్నాయి, అవి నేను మాఫీ చేయడంలేదు. కానీ ఆ సర్టిఫైడ్ కాపీ తయారుచేసి ఇచ్చింది మనం. సొలేషియం కలుస్తుంది కాబట్టి ఎకరాకు పది లక్షలు మనం తక్కువ రాస్తే, రేపు ఆ భూమి పోయేవాడికి ఇరవై లక్షలు, గుణకం కూడా కలిస్తే అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. చట్టం ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజులనే లెక్కలోకి తీసుకుంటుందని ఇందాక చెప్పాను. అంటే ఊళ్లో సగం మంది నిజం రాసినా చాలు, భూమి పోయేవాళ్లందరికీ నిజం ధర వస్తుంది. ఆ సగం మంది కూడా దొరకని ఊళ్లుగా మన ఊళ్లను మనమే చేసుకున్నాం.

ఇంకో అన్యాయం ఉంది. 2013 భూసేకరణ చట్టం కింద అవార్డుగా వచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదని 96వ సెక్షన్ చెబుతోంది. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో అంత స్పష్టంగా లేకపోయినా ఈ మినహాయింపు వర్తిస్తుందని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 అక్టోబరు 25న సర్క్యులర్ కూడా ఇచ్చింది. భూమి పోయినవాడికి దేశం ఇచ్చిన గౌరవం అది. పరిహారమే మూడో వంతో నాలుగో వంతో అయినప్పుడు ఆ గౌరవంతో ఆయన ఏం చేసుకోవాలి?

గీత లోపల ఉన్నవాళ్ల దగ్గరికి వద్దాం. కర్నూలుకు ఆరు కిలోమీటర్ల లోపు తాతలనాటి ఎకరా ఒకటి ఉందనుకోండి. 2001 నాటి విలువ లక్ష. ఇప్పుడు ఎనభై లక్షలకు అమ్మారు. లాభం డెబ్బై తొమ్మిది లక్షలు. 12.5 శాతం లెక్కన పన్ను 9,87,500 రూపాయలు. సెస్సు, సర్‌ఛార్జీ వేరు. కాగితంలో ఇరవై లక్షలే రాస్తే పన్ను 2,37,500. ఏడున్నర లక్షలు మిగిలాయని సంతోషం. నిజానికి ఇందులో ఎక్కువ భాగం నిజాయితీగానే మిగుల్చుకునే దారి చట్టంలోనే ఉంది. ఆ భూమిని అమ్మే ముందు రెండేళ్లు తనో తల్లిదండ్రులో సాగుచేసి ఉంటే, అమ్మిన రెండేళ్లలోపు ఇంకో వ్యవసాయ భూమి కొంటే, కొన్నంత మేర లాభం మీద పన్ను ఉండదు. ఇల్లు కొన్నా కట్టుకున్నా కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. ఆరు నెలల్లోపు నిర్దేశించిన బాండ్లలో యాభై లక్షల దాకా పెట్టవచ్చు. అదే ఎనభై లక్షలతో కోయిలకుంట్ల దగ్గర నాలుగెకరాలు కొనుక్కున్న రైతు ఈ పన్ను ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. కానీ అక్కడ కూడా కొన్న ధర తగ్గించి రాస్తే మినహాయింపు కూడా అంతే తగ్గిపోతుంది. నిజం చెప్పినవాడికి తలుపు తీసి ఉంచిన ఇంట్లోకి మనం గోడ దూకి పోతున్నాం.

2001 నాటి విలువ మాట ఎత్తాను కదా. భూమి, ఇళ్ల విషయంలో ఆ విలువ ఆనాటి స్టాంపు డ్యూటీ విలువను దాటకూడదని 2020 ఫైనాన్సు చట్టంతో పరిమితి పెట్టారు. అప్పటి విలువలు ఎందుకంత తక్కువ? అప్పటివాళ్లూ దస్తావేజుల్లో తక్కువే రాసుకున్నారు కాబట్టి. ఇరవై ఐదేళ్ల కిందట నాయన మిగుల్చుకున్నాననుకున్న స్టాంపు డబ్బుకు ఈరోజు కొడుకు పన్ను కడుతున్నాడు. ఇవాళ మనం రాసే అబద్ధానికి మన మనవలు కడతారు.

ఆడబిడ్డల గురించి చెప్పకుండా ఈ మాట పూర్తికాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా భాగం ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను అది వదిలేసింది. 2005లో దేశమంతటికీ చట్టం మారింది. తండ్రి ఎప్పుడు పోయినా కూతురి హక్కు పుట్టుకతోనే ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర ఆ హక్కు రిజిస్ట్రేషను రోజున ఒక్క పూట బతుకుతుంది. చెల్లెలిని అత్తగారింటి నుంచి కారులో పిలిపిస్తారు. ఆధార్ కార్డు, పాన్ కార్డు తెమ్మంటారు. వేలిముద్ర పడుతుంది, ఫొటో తీస్తారు. సాయంత్రం చీరా పండ్లూ పెట్టి బస్సెక్కిస్తారు. డబ్బు మాట ఆమె ఎత్తదు. ఎత్తితే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయం.

కానీ పన్ను చట్టానికి అన్నాచెల్లెళ్ల మొహమాటాలు తెలియవు. ఒక ఆస్తిని నలుగురు కలిసి అమ్మితే లాభాన్ని నలుగురి భాగాల కింద విడగొడుతుంది. ఒక పరిమితి దాటిన రిజిస్ట్రేషన్ల వివరాలు రిజిస్ట్రారు ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. ఆమె పాన్ నంబరు కూడా అందులో పోతుంది. ఏడాది రెండేళ్ల తర్వాత, ఒక్క రూపాయి చూడని ఆ చెల్లెలి పేరున నోటీసు వస్తుంది, నీ భాగానికి వచ్చిన లాభం లెక్క చెప్పమని. ఆమె భాగం ఆమెకు ఇచ్చి ఉంటే, ఆ మినహాయింపులు కూడా ఆమె పేరుతోనే వాడుకుని, ఆమె పేరుతో ఒక ఇల్లో పొలమో వచ్చి ఉండేది. అన్నలారా, పన్ను నోటీసులో భాగం ఇచ్చి డబ్బులో భాగం ఇవ్వకపోవడం ఏ ధర్మం?

"పన్ను కట్టి ఎవరికి పెట్టాలి? సీమకు ఏం చేశారని?" ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. అందులో బాధ ఉంది, ఆ బాధ నాదీను. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్న మాటలు, 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉండి 1956లో ఆ హోదా పోగొట్టుకున్న కర్నూలు, నీళ్ల మీద మాటలే తప్ప నీళ్లు రాని కాలువలు, ఇవన్నీ మన గుండెల్లో ఉన్నాయి. అడగవలసిందే. కానీ దస్తావేజులో అబద్ధం రాస్తే ఢిల్లీకి నష్టం, మనకు లాభం అనుకోవడం లెక్క తప్పడం. కేంద్రం పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అంతకన్నా దగ్గరిది రిజిస్ట్రేషనులో కట్టే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఒకటిన్నర శాతం. అది స్థానిక సంస్థలకు చెందవలసిన సొమ్ము. ఎకరాకు ఇరవై నాలుగు లక్షలు దాచినప్పుడల్లా ముప్పై ఆరు వేల రూపాయలు మన పంచాయతీలకు, పరిషత్తులకు పడకుండా పోతున్నాయి. వీధిలైటు వెలగలేదని, బోరు మోటారు కాలిపోయి నెలయిందని సర్పంచును నిలదీసే హక్కు మనకు ఎక్కడుంది?

ఇంకో మాట కూడా నిబ్బరంగా ఆలోచించాలి. పొలానికి ఈ ధర ఎవరు తెచ్చారు? మన చెమట పంటను తెచ్చింది. ధరను తెచ్చింది మాత్రం చాలామంది. కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. అది లాభం చూడలేక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. అప్పటి నుంచి ఆ కాలువ ఖర్చు జనం సొమ్మే. దాని కింది ఎకరాకు, పక్కనే మెట్ట ఎకరాకు ధరలో తేడా ఎవరి కష్టం? 2021 మార్చిలో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయం, నాలుగు వరసల రోడ్లు, ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల మీదుగా వచ్చిన జలాశయాలు, ఇవన్నీ కలిసి సెంటు ధరను పెంచాయి. పెరిగిన ధర అంతా నాదే, దాన్ని పెంచినవాళ్లకు ఎనిమిదో వంతు కూడా ఇవ్వను అంటే, తాళ్లప్రొద్దుటూరు వాళ్ల ముఖం మనం ఎట్లా చూడాలి?

చట్టం మరీ కఠినంగా ఉన్న చోట అడుగుదాం. అడిగితే ఫలితం వచ్చిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. రాజధాని అమరావతి కోసం రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ల్యాండ్ పూలింగులో ఇచ్చారు. వాళ్లకు వచ్చిన ప్లాట్ల మీద క్యాపిటల్ గెయిన్స్ పడుతుందన్న ఆందోళన బహిరంగంగా వినిపించింది. 2014 జూన్ 2 నాటికి ఆ భూముల సొంతదారులుగా ఉన్నవాళ్లకు 2017 కేంద్ర బడ్జెట్‌లో మినహాయింపు వచ్చింది. వాళ్లు చీకట్లో దాచుకోలేదు, వెలుతురులో అడిగారు. 2001 విలువ మీది పరిమితిని సడలించమని, రిజిస్ట్రేషను ఖర్చు తగ్గించమని, గవర్నమెంటు వేల్యూను నిజం ధరకు దగ్గరగా తెమ్మని మన రెండు జిల్లాల నుంచి కూడా అడగాలి. తాను రాసే ధరే అబద్ధమైనవాడి అర్జీకి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

దస్తావేజులు రాసే అన్నలకు ఒక మాట. వేలమంది రైతుల బతుకు మలుపులు మీ కలం కింద నడిచాయి. ధర దగ్గరికి వచ్చినప్పుడు "వేల్యూ వేసేద్దామా" అని మీరే అందించకండి. అమ్మేవాడి వైపు తిరిగి, "నీ పొలం గీత బయట ఉంది నాయనా, నిజం రాసుకుంటే నీకు పన్ను లేదు" అని ఒక్కసారి చెప్పండి. ఆడిటర్లూ, మీ దగ్గరికి రైతు వచ్చేది నోటీసు వచ్చినాక. అమ్మకముందే రమ్మని మీ ఊళ్లలో చెప్పండి. మధ్యవర్తులారా, మీ కమీషను అసలు ధర మీదే తీసుకుంటున్నారు. కాగితం మీదా అదే ధర పడేటట్టు చూడండి. రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కూర్చునే అధికారులు, నిజం ధర రాసుకొచ్చిన రైతు దగ్గర పై ఖర్చులు అడగకుండా ఉంటే చాలు, సగం జంకు పోతుంది. టీచర్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, గల్ఫు నుంచీ అమెరికా నుంచీ డబ్బు పంపి ఊళ్లో పొలం కొనే మన పిల్లలు, చదువుకున్న కొనుగోలుదారులంతా బ్యాంకు ద్వారా కడతామని ముందే చెప్పండి. అమ్మే రైతుకు ఎక్కువసార్లు ఎంచుకునే వీలుండదు. మీకు ఉంటుంది.

గుడి దగ్గర, మసీదు దగ్గర, చర్చి దగ్గర ఊరి పెద్దలు ఎన్ని సంగతుల మీద కట్టుబాట్లు పెట్టలేదు? సారా మీద పెట్టారు, చెరువు గండి మీద పెట్టారు. సాక్షి సంతకం అబద్ధపు ధర మీద పెట్టకూడదని ఒక కట్టుబాటు పెట్టుకోలేమా? ముందు ఒక ఊరు పెట్టనివ్వండి. పక్క ఊరికి అది తెలియడానికి ఎంతో కాలం పట్టదు.

ఒక పని ఈ నెలలోనే చేయవచ్చు. ఏ సర్వే నంబరుకైనా ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) మీసేవలో దొరుకుతుంది, ఎంతకు రిజిస్టరైందో అందులో ఉంటుంది. ఊళ్లో చదువుకున్న పిల్లలు నలుగురు కలిసి, గత మూడేళ్లలో అమ్ముడైన పొలాల ఈసీలు తీయించాలి. పేర్లు చదవనక్కరలేదు, ఎవరినీ బజారుకీడ్చే పని కాదు ఇది. సర్వే నంబరు, విస్తీర్ణం, రాసిన ధర మాత్రం వరుసగా ఒక కాగితం మీద ఎత్తి, వచ్చే గ్రామసభలో చదవాలి. ఆ తర్వాత, మన ఊళ్లో మెట్ట ఎకరా, కాలువ కింది ఎకరా నిజంగా ఎంత పలుకుతున్నాయో అందరి ముందూ తేల్చి, తీర్మానం రాసి, సబ్ రిజిస్ట్రారుకు ఒక నకలు, కలెక్టరుకు ఒక నకలు పంపాలి.